నిలబడలేకపోతే భక్తి తక్కువైనట్టా?

ఈ వారం వీడియోలో విష్ణు సహస్రనామం ఏ సందర్భంలో వచ్చిందో చెప్పుకున్నాం. అంపశయ్య మీద భీష్ముడు, చుట్టూ పాండవులు, పక్కన కృష్ణుడు. ఆ ఘట్టంలో ఒక చిన్న విషయాన్ని టైమ్ చాలక వదిలేశాను. దాని గురించి రెండు నిమిషాల్లో చెప్పి వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేకపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా. ప్రశ్న ఇది: ఓర్చుకోవడం ఎంతవరకు ధర్మం? పక్కవాళ్ళ బాధ చూసి "ఓర్చుకో" అనే హక్కు మనకు ఎంతవరకు ఉంది?

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన ప్రశ్న కాదు. మాది ఏర్పేడు. ఉద్యోగం బెంగళూరులో, సాఫ్ట్‌వేర్. నాకు పోట్స్ ఉంది. పూర్తి పేరు పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకీకార్డియా సిండ్రోమ్. పేరు పెద్దదే గానీ, విషయం సింపుల్: నేను ఎక్కువసేపు నిలబడలేను.

లోపల జరిగేది ఏంటి?

ఎవరైనా లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం పొట్టలోకి, కాళ్ళలోకి జారుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో నరాల వ్యవస్థ వెంటనే కింది రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని కొంచెం పెంచి సర్దేస్తుంది. మీకు తెలియను కూడా తెలియదు. పోట్స్ ఉన్నవాళ్ళలో ఆ సర్దుబాటు కుదరదు. మన ఇంజినీర్ల భాషలో ఫీడ్‌బ్యాక్ లూప్ గాడి తప్పుతుంది. లేచిన పది నిమిషాల్లోపు గుండె వేగం నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. 12 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో అయితే 40 పెరగాలి. బీపీ మాత్రం పెద్దగా పడిపోదు. తల తిరగడం, కళ్ళు మసకబారడం, వణుకు, ఆలోచన మొద్దుబారడం లాంటి లక్షణాలు మూడు నెలలకు మించి ఉంటే డాక్టర్లు దీన్ని పోట్స్ అంటారు.

ఈ పేరు 1993లో వైద్య పత్రికల్లోకి వచ్చింది. ఎక్కువగా వచ్చేది ఆడవాళ్ళకు, అదీ 15 నుంచి 50 ఏళ్ళ మధ్య. కొందరికి వైరల్ జ్వరం తర్వాత మొదలవుతుంది. కోవిడ్ తర్వాత చాలామందికి ఇలాగే మొదలైంది. కూర్చోబెట్టి పరీక్ష చేస్తే ఈసీజీ మామూలుగానే ఉంటుంది, రక్త పరీక్షలూ అంతే. అందుకే "టెన్షన్ తగ్గించుకో అమ్మా" అనే మాట దగ్గరే ఏళ్ళు గడిచిపోతాయి. నిజానికి మొదటి పరీక్షకు పెద్ద మెషీన్లు కూడా అక్కర్లేదు. కాసేపు పడుకోబెట్టి పల్స్, బీపీ చూసి, తర్వాత పది నిమిషాలు నిలబెట్టి మళ్ళీ మళ్ళీ చూస్తే ఒక అంచనా వస్తుంది. కాకపోతే డాక్టరు దగ్గరే చేయించుకోవాలి, ఎందుకంటే పడిపోయే ప్రమాదం ఉంది.

జీవితం ఎంత దెబ్బతింటుంది అంటారా? 2002లో మేయో క్లినిక్ పరిశోధకులు దీన్నే కొలిచారు. గుండె వైఫల్యం, దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు ఎంత ఇబ్బంది పడతారో వీళ్ళూ దాదాపు అంతే పడుతున్నారని తేలింది. చూడ్డానికి మాత్రం మామూలు పాతికేళ్ళ అమ్మాయి. నాకు రోజుకు ఇంత నిలబడే శక్తి అని ఒక కోటా ఉంటుంది. అది తలస్నానానికి ఖర్చయితే వంటకు మిగలదు. మా ఊళ్ళో ఎండాకాలం 40 డిగ్రీలు దాటితే ఆ కోటా ఇంకా సగమైపోతుంది.

మన భాషలోనే ఉంది చిక్కు

గమనించారా, తెలుగులో మంచితనం అంతా నిలబడటంలోనే ఉంటుంది. మాట మీద నిలబడ్డాడు, సొంత కాళ్ళ మీద నిలబడింది, పరువు నిలబెట్టాడు. కూర్చోవడం మాత్రం తిట్టు. "కూర్చుని తింటున్నాడు" అంటే ఇంక పనికిరానివాడనే. గుడిలోనూ అంతే. హారతి టైములో కూర్చుండిపోతే మా అవ్వ, "ఏం పాపా, దేవుని ముందర రోంత సేపు నిలబడలేవా?" అంటుంది. అవ్వ మంచిదే, ఆ మాటలో ద్వేషం లేదు. నిలబడటమే గౌరవం అని ఆమెకు తెలుసు, అంతే.

ఇక ఒక్కపొద్దులు. పోట్స్ ఉన్నవాళ్ళకు డాక్టర్లు సాధారణంగా చెప్పేది రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్ళు, మామూలు కంటే చాలా ఎక్కువ ఉప్పు. ఒక్కోసారి రోజుకు 10 గ్రాముల దాకా కూడా. (అందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి 5 గ్రాములే. బీపీ ఉన్నవాళ్ళకు ఎక్కువ ఉప్పు ప్రమాదం. డాక్టరు చెప్పకుండా ఎవరూ ప్రయత్నించకండి.) మన నియమాలేమో నీళ్ళు కూడా ముట్టని ఏకాదశి, ఉప్పులేని చప్పిడి తిండి. అంటే నాకు మందు ఏదో, వ్రతం వదిలేయమనేది సరిగ్గా అదే.

కష్టపడకుండా పుణ్యం వస్తుందా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్ళు ఆ కష్టాన్ని స్వామికి ఇస్తున్నారు. అంగప్రదక్షిణం చేసేవాళ్ళూ అంతే. కష్టం తీసేస్తే ఇక మిగిలేదేంటి? ఈ మాటను నేను కొట్టిపారేయను. కష్టపడి ఇచ్చినదానికి నిజంగానే ఒక విలువ ఉంది.

కానీ తపస్సు అంటే మనం ఎంచుకున్న కష్టం. మెట్లెక్కే మనిషి కావాలంటే మోకాళ్ళ పర్వతం దగ్గర ఆగి బస్సెక్కవచ్చు. ఆగగలిగీ ఆగలేదు కాబట్టే అది సమర్పణ. జబ్బు మనం ఎంచుకున్నది కాదు, మీద పడింది. దాన్ని తపస్సు లెక్కలో వేసి "ఇంకొంచెం ఓర్చుకో" అంటే, ఆ మనిషి ఇవ్వని దాన్ని మనం లాక్కుంటున్నట్టే. పైగా దేహాన్ని హింసించే తపస్సును గీత పదిహేడో అధ్యాయంలో కృష్ణుడే తప్పుపట్టాడు. కాళిదాసు కుమారసంభవంలో ఘోర తపస్సు చేస్తున్న పార్వతి దగ్గరకు శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, నీ ఒంటి శక్తికి తగ్గట్టే చేస్తున్నావా అని. ధర్మం చేయడానికి మొదటి సాధనం శరీరమే అని గుర్తు చేస్తాడు.

ఇంకో మాట తరచూ వినిపిస్తుంది: "అంతా పూర్వజన్మ కర్మ." కర్మ సిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. అయితే దాన్ని ఎవరు ఎవరి గురించి వాడుతున్నారన్నది చాలా ముఖ్యం. నా జబ్బు గురించి నాకు నేను కర్మ అనుకుంటే, కోపం తగ్గి ఈరోజు చేయాల్సింది చేయగలుగుతాను. అదే మాట నువ్వు నా గురించి అంటే తీర్పు అవుతుంది, నీ బాధ్యత అక్కడితో ముగిసిపోతుంది. ఒకే వాక్యం, నా నోట్లో మందు, నీ నోట్లో తప్పించుకునే దారి. ఎదుటివాళ్ళ బాధ మన ముందుకొచ్చినప్పుడు, అది వాళ్ళ కర్మ సంగతి ఎలా ఉన్నా, ఆ క్షణంలో మనం చేసేది మన కర్మ అవుతుంది.

కృష్ణుడు ముందు ఏం చేశాడు?

ఇప్పుడు వీడియోలో వదిలేసిన విషయం. శాంతిపర్వంలో, ధర్మరాజుకు ధర్మాలు చెప్పమని కృష్ణుడు అడిగితే భీష్ముడు వెంటనే ఒప్పుకోడు. బాణాల బాధతో ఒళ్ళు మండుతోంది, మనసు నిలవడం లేదు, మాట రావడం లేదు, నేనెలా చెప్పగలను అంటాడు. భీష్ముడంటే ఓర్పుకు మారుపేరు. అలాంటివాడే నావల్ల కావట్లేదు అన్నాడు.

దానికి కృష్ణుడు "మీరు భీష్ములు, ఈ మాత్రం ఓర్చుకోలేరా" అనలేదు. "అంతా మనసులోనే ఉంది" అనీ అనలేదు. ముందు ఆ మంట, నీరసం, మూర్ఛ, ఆకలిదప్పులు లేకుండా వరం ఇచ్చాడు. ధర్మబోధ ఆ తర్వాతే. భీష్ముణ్ణి లేచి నిలబడమని కూడా అడగలేదు. ఆయన పడుకునే చెప్పాడు, రాజులూ ఋషులూ ఆయన దగ్గరకు వచ్చి విన్నారు. ఈరోజు మనం చదివే సహస్రనామం అలా లేవలేని మనిషి నోటి నుంచి వచ్చింది.

క్రమం చూడండి. ముందు నమ్మడం, తర్వాత బాధ తగ్గించడం, ఆ తర్వాత అడగడం. మనం చాలాసార్లు మూడోదానితో మొదలుపెడతాం.

మా ఏర్పేడులోనూ దీనికి ఒక ఆధారం కనిపిస్తుంది నాకు. 1926లో మలయాళ స్వామివారు అక్కడ వ్యాసాశ్రమం స్థాపించారు. తిరుమలలో గోగర్భం దగ్గర ఏళ్ళ తరబడి కఠిన తపస్సు చేసిన మనిషి ఆయన. అంత తపస్సు చేసి కూడా, నాలాగా చేస్తేనే రండి అనలేదు. కులం పేరుతో, ఆడవాళ్ళన్న పేరుతో వేదాంతానికి దూరంగా ఉంచినవాళ్ళకు తలుపులు తెరిచారు. అర్హత పుట్టుకలో లేదు, తెలుసుకోవాలన్న తపనలో ఉంది అన్నది ఆ పని వెనక ఉన్న వాదం. అది నిజమైతే, అర్హత కాళ్ళ బలంలో మాత్రం ఎందుకుంటుంది?

ఇంకొకటి. కొండ మీద వేంకటేశ్వరుడు నిలబడి ఉంటాడు. కింద తిరుపతిలో గోవిందరాజస్వామి పడుకుని ఉంటాడు. కుబేరుడి అప్పు కొలిచి కొలిచి అలసిపోయి, కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడని మన పెద్దలు కథ చెబుతారు. ఆయన పడుకున్నాడని మనం దండం తక్కువ పెట్టం కదా.

అందరూ కూర్చుంటే ఎలా?

"కనిపించని జబ్బు కదా, ఎవరైనా అబద్ధం చెప్పొచ్చు" అంటారు. చెప్పొచ్చు, కాదనను. తిరుమలలో వృద్ధులకు, వికలాంగులకు విడిగా దర్శనం ఉంది. అక్కడ కాగితాలు చూడటం సబబే, ఎందుకంటే అది వేరే క్యూ. ఒక కుర్చీ విషయం అలా కాదు. ఇక్కడ రెండు రకాల తప్పులు జరగొచ్చు. అబద్ధం చెప్పినవాడికి కుర్చీ ఇస్తే పోయేది కాసేపు ఒక కుర్చీ. నిజం చెప్పినదాన్ని నమ్మకపోతే ఆ అమ్మాయి రాతినేల మీద పడుతుంది, మళ్ళీ గుడికి రావడం మానేస్తుంది. ఈ రెండు నష్టాలూ సమానం కావు. అందుకే అనుమానం వచ్చినప్పుడు నమ్మడం వైపే మొగ్గాలి.

నాకు ఇప్పుడు మందులు, ఉప్పునీళ్ళు, బిగుతు సాక్సులు, పడుకుని చేసే వ్యాయామాలు ఉన్నాయి. కొంచెం మెరుగే. కానీ నా రోజు బాగుందా లేదా అన్నది సగం నా గుండె మీద, సగం నా చుట్టూ ఉన్నవాళ్ళ మీద ఆధారపడుతుంది. ఆఫీసులో స్టాండప్ మీటింగ్‌కు నేను కూర్చుంటే ఎవరూ పట్టించుకోని రోజు మంచి రోజు. మందు ఒక్క మిల్లీగ్రాము కూడా పెరగకుండానే బాగుపడిన రోజది.

ఈ వారం ఒక చిన్న పని చేద్దాం. మీ ఇంట్లో పూజ ఉన్నా, అపార్ట్‌మెంట్‌లో సామూహిక పారాయణం ఉన్నా, వెనక నాలుగు కుర్చీలు వేయండి. ఎవరు కూర్చున్నా కారణం అడగకండి. ఎవరైనా ఉపవాసం లేదంటే మంచినీళ్ళు ఇవ్వండి. మీకే నిలబడితే ఇలా అవుతుంటే, భయపడకుండా డాక్టరును కలిసి పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు రెండుసార్లూ పల్స్ చూడమని అడగండి. అప్పటిదాకా కూర్చునే జపం చేయండి. పడుకునైనా సరే. భీష్ముడు అలాగే చేశాడు.

ఓం నమో వేంకటేశాయ.