ఢీకొన్న వేగం ఎక్కడికి పోతుంది?

2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఎగువన కట్లు తెంచుకున్న పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీని గుద్దాయి. 67, 69 నంబర్ల గేట్ల దగ్గర కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. విజయవాడ గవర్నర్‌పేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే నేను ఆ ఏడు ద్రవ్యవేగం పాఠానికి వేరే ఉదాహరణ వెతకలేదు.

40 టన్నుల పడవ సెకనుకు 3 మీటర్ల వేగంతో వచ్చిందనుకోమన్నాను. వెనక నీటి తోపును పక్కనబెడితే, అర సెకనులో ఆగిన పడవ 2,40,000 న్యూటన్ల బలంతో కొడుతుంది. అంటే దాదాపు 24 టన్నుల బరువు. అదే పడవ పది సెకన్లు తీసుకుని ఆగితే 12,000 న్యూటన్లే. బలాన్ని సమయంతో గుణిస్తే వచ్చే ప్రచోదనం రెండుసార్లూ ఒక్కటే, తేడా అంతా సమయానిది.

"ఆగిపోయాక ఆ ద్రవ్యవేగం ఏమైంది సార్?" అని ముందు బెంచీలో అమ్మాయి అడిగింది.

"కట్టడంలోకి, అక్కణ్ణుంచి భూమిలోకి పోయిందమ్మా. చేతులు మారిందే గాని నశించలేదు."

జవాబు చెప్పేశాను గాని, ఆ ప్రశ్న నన్ను కర్మ దగ్గరికి తీసుకెళ్లింది. జ్ఞానం కలిగినా ప్రారబ్ధం, అంటే ఫలించడం మొదలైన కర్మ, తీరాల్సిందేనంటూ శంకరులు దాన్ని వదిలిన బాణంతో పోల్చారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో, తర్కసంగ్రహంలో, వేగం ఉండే చోట్లు చెబుతూ భూమి, నీరు, నిప్పు, గాలితో పాటు మనసునూ లెక్కేశాడు. న్యూటన్ చెప్పింది మనవాళ్లు ముందే చెప్పేశారని నేననను. భౌతిక నియమం కర్మకు రుజువూ కాదు. పడవకు పాపపుణ్యాలు లేవు. కానీ మనసుకూ వేగం ఉందన్న మాట నేను కళ్లారా చూసిన నిజం.

మార్కులు తగ్గాయని ఒక తండ్రి గుడివాడ నుంచి వచ్చి స్టాఫ్‌రూమ్‌లో నిలబడి కేకలేశాడు. కొడుకు తలుపు పక్కన వణుకుతున్నాడు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఆయన చెప్పిందంతా విన్నాను. అప్పు సంగతి, కౌలు సంగతి, భార్య ఆరోగ్యం, అన్నీ వచ్చాయి. చివరికి గొంతు తగ్గించి, "వాడు సరిగ్గా తింటున్నాడా సార్?" అన్నాడు.

ఆ కోపం గాలిలో కలిసిపోలేదు. ఆ సాయంత్రమంతా నాలో బరువుగా ఉండిపోయింది. కానీ పిల్లాడి చెంప మీద క్షణంలో పడాల్సింది నిదానంగా కరిగి, వేరేచోటికి చేరింది. క్షమ అంటే జరిగినదాన్ని చెరిపేయడమని నేననుకోను. ఎదుటివాడి వేగాన్ని ఎవరూ విరిగిపోకుండా పుచ్చుకోవడమే క్షమ. దానికి ఖర్చుంది, అందుకే అది తపస్సు.

ఇది దెబ్బలు తింటూ ఊరుకోమని చెప్పే నీతి కాదు. పడవను గట్టిగా కట్టుకోవడం పడవవాడి ధర్మం, దాన్ని ఇంకొకరి ఓర్పు మీదికి నెట్టకూడదు. మనదాకా రానే వచ్చిన వేగం ఎంతన్నది మాత్రం మన చేతిలో లేదు. దాన్ని ఎంతసేపట్లో పుచ్చుకోవాలన్నది చాలాసార్లు మన చేతిలోనే ఉంటుంది. ప్రారబ్ధం ముందు మనిషికి మిగిలిన స్వేచ్ఛ అదేనని నా నమ్మకం, అది చిన్నదేమీ కాదు.