ఒప్పుకొన్న కూలి న్యాయమైన కూలియేనా?

ధ్యాన భాగములు: ద్వితీ. 24:14-15, మత్తయి 20:1-16, యాకోబు 5:4



మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో వేరుసెనగ పెరుకునప్పుడును, చెఱకు నరుకునప్పుడును, మామిడికాయ దించునప్పుడును కూలి తక్కువాయెనని ఎవరైన అనినచో ఒక మాట వినబడును: "ఒప్పుకొనియే కదా పనికి వచ్చినారు!" ఈ మాట చట్టము ఎదుటను, దేవుని ఎదుటను నిలుచునా?

మన దేశమున కనీస వేతనముల చట్టము 1948లో వచ్చినది. వ్యవసాయ కూలీలను సైతము అందులో చేర్చిరి. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ ఆ వేతనమును లెక్కించు విధమును చెప్పెను. భార్యాభర్తలు, ఇద్దరు బిడ్డలు గల ఇంటిని ముగ్గురు పెద్దలకు సమముగా ఎంచి, ఒక్కొక్కరికి దినమునకు 2700 కేలరీల ఆహారమును, ఇంటికి ఏడాదికి 72 గజముల బట్టను, అద్దెను, వంటచెరకును, దీపమును లెక్కలో చేర్చిరి. అనగా చేసిన పనినే గాక, తినవలసిన నోళ్లను కూడ చూచిరి.

దేశమంతటికి ఒక కనీస స్థాయిని 1996లో దినమునకు 35 రూపాయలుగా నిర్ణయించిరి. అది 2009లో 100, 2017లో 176 రూపాయలాయెను. అయితే అది సలహామాత్రమే. దానికి చట్టబలము లేకపోయెను. 2019 నాటి వేతనముల కోడు ఆ లోటును తీర్చుటకు చేయబడినది.

ఇక ఒప్పుదల మాట. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడపు కూలీల వ్యాజ్యెములో సుప్రీంకోర్టు ఇట్లు తీర్పు చెప్పెను: ఆకలికి తాళలేక కనీస వేతనముకంటె తక్కువకు పనిచేయుట వెట్టిచాకిరియే. 1983లో రాజస్థానములోని కరవు పనుల కూలీల విషయమునను ఆ న్యాయమునే నిలిపెను. కరవు అనునది కూలి కోయుటకు సాకు కాదనెను. కరవెరిగిన రాయలసీమవారమైన మనము దీనిని మరువరాదు.

లేఖనము ఇంకను లోతునకు పోవుచున్నది. బీదవాడు ఆ కూలిమీదనే ఆశ పెట్టుకొని యున్నాడు గనుక ప్రొద్దు గుంకకమునుపే ఇయ్యవలెనని మోషే ఆజ్ఞాపించెను. ద్రాక్షతోట యజమానుడు సాయంకాలము వచ్చినవారికిని పూర్తి దేనారము ఇచ్చెను. వారు పని చేసినది ఒక్క గంటయే. అయినను వారి యింట ఆకలి ఒక పూర్తి దినపు ఆకలియే. బిగబట్టిన కూలి మొఱపెట్టుననియు, ఆ మొఱ ప్రభువు చెవిని చేరుననియు యాకోబు హెచ్చరించుచున్నాడు.

"వాన తప్పినది, అప్పు మిగిలినది, నేనెక్కడనుండి ఇత్తును?" అని చిన్న రైతు అడుగును. ఇది అబద్ధము కాదు. మన సంఘములలో అట్టివారు అనేకులు. ఆ రైతునకును పంటకు న్యాయమైన ధర రావలెను. అయితే రాని వానకు కూలివాడు బాధ్యుడా? నష్టమును మనకంటె బలహీనుని వీపుమీద మోపుట న్యాయము కాదు. శక్తి లేనిచో తక్కువమందిని పిలువుము, ఇరుగుపొరుగుతో బదులు పనులు చేసికొనుము. పిలిచినవానికి మాత్రము నిండుగా, ఆ దినముననే ఇమ్ము. ఒకే సాలులో ఒకే పని చేసిన స్త్రీకి తక్కువ ఇయ్యకుము.

చట్టము ఇంతకు తగ్గకుమని చెప్పును. ప్రేమయైతే నీ పొరుగువాని బిడ్డ ఈ రాత్రి భోజనము చేసెనా అని అడుగును. ఆదివారమున ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొందిన ఇద్దరు, సోమవారమున గట్టుమీద యజమానుడును కూలివాడునై నిలుచుచున్నారు. అప్పుడును వారు సహోదరులేనా? ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొనును గాక.

ప్రార్థన: ప్రభువా, మా చేతులలో నిలిచిపోయిన పరుల కూలిని మాకు చూపి, నేడే దానిని చెల్లించు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.