గట్టునకు ఆవలి ప్రాణులు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉద్యోగ నిమిత్తమై వచ్చిన తెలుగు కుటుంబములు బిలాస్‌పుర్ పట్టణమున స్థిరపడినవి. తోర్వాలోని తెలుగు ఇండ్లలో నేటికిని భోజనమనగా అన్నమే. ఛత్తీస్‌గఢ్ వరి పండు రాష్ట్రము గనుక ఆ విషయములో వారు పరదేశులు కానక్కరలేకపోయెను. బిలాస్‌పుర్‌నుండి కట్నీ వైపు పోవు రైలు మార్గములో ఉమరియా అను స్టేషను కలదు. బాంధవ్‌గఢ్ పులుల అభయారణ్యమున్నది ఆ జిల్లాలోనే. 2024 అక్టోబరు నెలాఖరున అక్కడ జరిగిన సంగతి, భోజనమునకు ముందు కృతజ్ఞత చెల్లించు ప్రతి కుటుంబము ఆలోచింపవలసినది.

పదమూడు ఏనుగులుగల మంద యొకటి అరికల చేలలో మేసెను. మూడు దినములలో వాటిలో పది చనిపోయినవి. ఎవరో విషము పెట్టిరను అనుమానము మొదట కలిగినను, పరీక్షలో తేలినది వేరు. బూజు పట్టిన అరికలలో పుట్టు సైక్లోపియాజోనిక్ ఆమ్లమను విషపదార్థము ఆ కళేబరములలో కనబడెను. తేమ నిలిచిన అరికలు పశువులకును మనుష్యులకును మత్తు కలిగించునని పల్లెలవారికి పూర్వమునుండి తెలిసిన విషయమే. ఏనుగు బస్తాలకొలది మేయును గనుక దానికి ప్రాణాంతకమైనది. కొద్ది దినములకే అదే జిల్లాలో ఏనుగుల దాడిలో ఇద్దరు మనుష్యులు మరణించిరి. ఇంతకును బాంధవ్‌గఢ్‌లో ఏనుగులు పాతకాపులు కావు. 2018లో ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన మందలు అక్కడ నిలిచిపోయినవి. తూర్పున అడవులు గనులకును, రోడ్లకును, పొలములకును తరుగుచుండగా, మేత వెదకుకొనుచు అవి పడమటికి జరిగినవి.

దోషి యెవడు? మోషే ధర్మశాస్త్రములో, గోతిని త్రవ్వి మూయక విడిచినవాడు అందులో పడిన ఎద్దునకు గాని గాడిదకు గాని బాధ్యుడు. చంపవలెనను తలంపు అతనికి లేదు. అయినను నష్టమును అతడే చెల్లింపవలెను. అరికల చేను అట్టి గొయ్యి యగునా? ఎంతమాత్రమును కాదు. ఆ రైతు తన తాతలు విత్తిన పంటనే నీటి వసతి లేని నేలలో విత్తెను. పైగా ఇది చక్కెర వ్యాధిగ్రస్తులు పట్టణములలో వెదకి కొనుచున్న ధాన్యము. నీరు తక్కువ, ఎరువు తక్కువ. ప్రకృతికి హాని తక్కువ చేయు ఆహారమేదని అడిగినవారికి పండితులు చూపునవి అరికలు, సామలు, కొర్రలే. అట్టి చేనిలోనే పది ఏనుగులు కూలినవి. కావున దుకాణములో ఒక సంచికి బదులు మరియొక సంచి కొనినంతనే మనస్సాక్షి తేటపడునను మాట నమ్మదగినది కాదు.

ఇచ్చట ప్రభువు ప్రార్థనలోని ఒక మాట సహాయపడును. మత్తయి సువార్తలో ఉన్న గ్రీకు పదమునకు అప్పు అని అర్థము. లూకా అదే తావున పాపములు అని వ్రాసెను. తెలుగు అనువాదకులు ఈ భేదమును చెరపక మత్తయిలో ఋణములనియే ఉంచిరి. మంచి పని చేసిరి. ఆరాధనలో వల్లించి వల్లించి రెండును ఒకటే అని తోచుచున్నది గాని, పాపమనినప్పుడు ఎవరు చేసిరని అడుగుదుము. అప్పు అనినప్పుడు ఎవరు తీర్చవలెనని అడుగుదుము. తండ్రి చేసిన అప్పు ఏమియు ఎరుగని కుమారుని గడప త్రొక్కును. తోర్వాలో అన్నము తిను గృహిణి ఏనుగును చంపలేదు. ఆమెను హంతకురాలిని చేయు బోధ క్రూరమైనది, వ్యర్థమైనది కూడ. అయినను ఆమె పళ్లెము నిండుటకు ఎవరో చోటు విడిచిరి. విడిచినవారిలో మృగములును ఉన్నవి. వాటి ప్రక్కనే పొలమున్న పేద రైతు ఆ అప్పునకు వడ్డీ కట్టుచున్నాడు.

తెలుగునాట ఇట్టి అప్పు రోళ్లపాడులో ఉన్నది. నందికొట్కూరు ప్రాంతపు మెట్ట భూములలో బట్టమేక పక్షి రైతుల నడుమనే బ్రదికెను. పచ్చిక బీళ్లలో నేలమీద గ్రుడ్డు పెట్టును, సాధారణముగా ఏటికి ఒక్కటే. జొన్న, కొర్ర, వేరుశనగ చేలలో మిడుతలను ఏరుకొనును. సేద్యమే దానికి శత్రువైనచో అంతకాలము అక్కడ నిలిచియుండునా? 1988లో ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెము మించిన భూమిని దానికి అభయారణ్యముగా ప్రకటించిరి. అయితే చుట్టుప్రక్కల నీటిపారుదల వచ్చెను, బీళ్లు దున్నబడెను, ప్రత్తియు పురుగుమందులును పెరిగెను. కరవు చూచిన కర్నూలు రైతునకు నీరు వచ్చినదని విచారించువాడు ధర్మాత్ముడు కాడు. మరియొక ప్రక్క, కాపుదలలో కృష్ణజింకలు వృద్ధిపొంది పంటలు మేసినవి. రైతులకు అభయారణ్యమన్ననే విసుగు పుట్టెను. ఇప్పుడు బట్టమేక అక్కడ దాదాపు లేదు. లోకమంతటిలోను సుమారు 150 మాత్రమే మిగిలినవని అంచనా. వాటిలో అధికభాగము రాజస్థాన్‌లోనే. గూటిలోని తల్లిపక్షిని విడిచిపెట్టుమని ద్వితీయోపదేశకాండము ఆజ్ఞాపించి, తలిదండ్రులను సన్మానించువారికి ఇచ్చిన దీర్ఘాయువు వాగ్దానమునే దానికిని జతచేయుట గమనింపదగినది.

మరి తినువారు ఏమి చేయగలరు? పారవేయకుండుట మొదటిది. పెండ్లి విందులలో విస్తళ్లతో పారపోయు అన్నమునకు కూడ భూమి దున్నబడెను, నీరు తోడబడెను. రెండవది నూనె. బిస్కట్లలో, సబ్బులలో, వేపుళ్లలో చేరు పామాయిల్ అధికభాగము ఇండోనేషియా, మలేషియాలనుండి వచ్చును. అక్కడ ఆ తోటలకొరకు ఒరాంగుటాన్ కోతులు నివసించు అడవులు నరకబడెను. పొట్లము మీది అక్షరములు చదువుట కష్టమైన పని కాదు. చిరుధాన్యములు కొనుట మంచిదే. మెట్ట రైతు బీడును ప్రత్తికి మార్చకుండుటకు అది కొంత ఆసరా. అయితే వాటిని వాటి ధరకు కొనవలెను, బేరమాడి కాదు.

అన్నిటికంటె బరువైనది పరిహారము. ఏనుగులు త్రొక్కిన పంటకు ప్రభుత్వము డబ్బు ఇచ్చును, కాని అది ఆలస్యమైనచో ఆకలిగొన్న రైతు కంచెకు కరెంటు తీగ తగిలించును. ఛత్తీస్‌గఢ్‌లో ఏనుగుల అకాల మరణములకు కరెంటు ఒక ముఖ్య కారణము. ఆ తీగలకు మనుష్యులును బలియగుచున్నారు. ఏడవ యేట బీడు విడిచిన భూమిలో బీదలు తినగా మిగిలినది అడవి మృగములు తినవలెనని నిర్గమకాండము చెప్పుచున్నది. ఆ వరుసలో బీదవాడు ముందు. అతని నష్టము తీరకుండ మృగమునకు భాగమిమ్మని అతనిని అడుగుట న్యాయము కాదు. తెలుగు సంఘములలో కోత పండుగనాడు గుమ్మడికాయయు, కొబ్బరికాయల గెలయు వేలమునకు వచ్చును. పది రూపాయల వస్తువును వంద రూపాయలకు పాడుట అక్కడ ఆనవాయితీ. ఆ అధికపు తొంబది రూపాయలలో ఒక పాలు, అడవి అంచున పంట పోగొట్టుకొన్న ఏదో ఒక ఊరికి ఈ సంవత్సరము పంపవచ్చును. పంట పోయిన నెలలోనే అది చేరవలెను.