మరల చుక్కల వద్దకే

వాకిట ముగ్గు వేయుచున్న బాలిక, గీత వంకరపోయినచో, అరచేతితో చెరిపి మరల చుక్కల వద్దనుండియే ఆరంభించును. నిన్న రాత్రి మా అబ్బాయి 'సెకిరో' అను జపాను వీడియో గేము ఆడుచుండగా నాకు ఆ దృశ్యమే స్ఫురించినది.

2019లో వెలువడిన ఆ ఆటలో, శత్రువు ఖడ్గము మీదికి వచ్చు క్షణమును కనిపెట్టి, సరిగా ఆ క్షణముననే బటను నొక్కి దెబ్బను మరల్చగలిగినచో ఎంతటి వీరుని నిలుకడయైనను క్రమముగా సడలును. తొందరపడినను, జంకినను మన నిలుకడయే చెదరును. కష్టమును తగ్గించుకొను వెసులుబాటు అందులేదు. మావాడు ఓడెను. మరల ఓడెను. చెరిపినకొలది వాని చేయి నేర్చుకొనుచునే యుండెను. ఆ ఏకాగ్రతను చూచి నేను నిజముగా ముగ్ధుడనైతిని.

అయితే గోడమూలకు చేరినప్పుడు తెరమీది దృశ్యము గిరగిర తిరిగి శత్రువే కానరాకపోవుట నాకు అన్యాయముగా తోచినది. తన తప్పువలన ఓడినవాడు నేర్చుకొనును. చూపు అందక ఓడినవాడు ఏమి నేర్చుకొనగలడు? వ్రేళ్లు చురుకుగా కదలనివారి సంగతి తలచినప్పుడు నా మనస్సు మరింత నొచ్చుకొన్నది. గీత చెరుపుకొను అవకాశము వారికిని ఉండవలదా?

"రేపు చూస్తాను, నాన్నగారూ" అని వాడు లేచెను. ఈ ఉదయము కాఫీ త్రాగుచు, వాడు బల్లపై వ్రేళ్లతో ఆ ఖడ్గముల లయనే మెల్లగా వాయించుచున్నాడు.