పని చేసినవాళ్ళదేనా పాట?

మన తెలుగువాళ్ళకి కౌబాయ్ అంటే కృష్ణ. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చాక టోపీ, తుపాకీ, గుర్రం కలిస్తే కౌబాయ్ అని స్థిరపడిపోయింది. 2002లో 'టక్కరి దొంగ'లో కొడుకూ అదే టోపీ పెట్టుకున్నాడు. హాలీవుడ్ నుంచి దిగుమతైన ఈ మనిషికి అన్నీ ఉన్నాయి, ఒక్క ఆవు తప్ప.

అసలు కౌబాయ్ జీతానికి పశువులు కాసిన మనిషి. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిశాక టెక్సాస్‌లోని మందల్ని వందల మైళ్ళు ఉత్తరానికి, కాన్సస్ రైల్వే స్టేషన్ల దాకా తోలుకెళ్ళిన కూలీ. రాత్రిపూట మంద బెదిరి పరుగందుకోకుండా గుర్రం మీద చుట్టూ తిరుగుతూ పాడేవాడు. అంటే పాట అతని పనిలో భాగం. అతని భాష కూడా అతని సొంతం కాదు. రాంచ్, రోడియో, లారియట్ అన్నీ మెక్సికన్ కాపరులైన 'వకేరో'ల దగ్గర తీసుకున్న స్పానిష్ మాటలు. నెవాడాలో కాపరిని పిలిచే 'బకరూ' అనే మాట కూడా 'వకేరో'కి నోరు తిరగక వచ్చిన రూపమే.

ఈ పాటలూ పద్యాలూ ఇప్పటికీ బతికే ఉన్నాయి. 1985 జనవరిలో నెవాడా రాష్ట్రంలోని ఎల్కో అనే చిన్న ఊళ్ళో హాల్ కానన్ అనే జానపద పరిశోధకుడూ, పశ్చిమ రాష్ట్రాల్లోని మరికొందరు పరిశోధకులూ కలిసి పశుపోషకుల కవిసమ్మేళనం పెట్టారు. అప్పటి నుంచీ అది చలికాలంలోనే జరుగుతోంది. శిశిరంలో పశువులు అమ్ముడుపోయాక, వసంతంలో ఆవులు ఈనడం మొదలుకాక ముందు, వాళ్ళకి కాస్త తీరిక దొరికేది అప్పుడే. 2000లో అమెరికన్ సెనేట్ దాన్ని జాతీయ సమ్మేళనంగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. 2011లో నెవాడా సెనేటర్ హారీ రీడ్ బడ్జెట్ చర్చలో ఈ సమ్మేళనం పేరెత్తితే ప్రతిపక్షం నెలల తరబడి ఎగతాళి చేసింది. పశువుల కాపరులకి కవిత్వమేమిటి, దానికి ప్రభుత్వం డబ్బేమిటి అని. ఆ నవ్వు మనకి బాగా తెలిసిన నవ్వే. వంటింటి కవిత్వం అన్నప్పుడు విన్నాం కదా.

నన్ను పట్టుకున్నది ఆ నవ్వు కాదు, ఆ వేదిక చుట్టూ ఉన్న ఒక నియమం. ఎక్కడా చెక్కి పెట్టకపోయినా అందరికీ తెలిసిన నియమం: పాడేవాడికి ఆ పనితో సంబంధం ఉండాలి. గుర్రమెక్కనివాడు, ఎముకలు కొరికే చలిలో దూడని లాగి బయటికి తియ్యనివాడు కౌబాయ్ పద్యం చెబితే అది వేషం. సినిమా టోపీకీ అసలు టోపీకీ తేడా నిలబెట్టుకోవాలనే తపన ఇది. నేను దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. 1990లలో మన దగ్గర స్త్రీవాద, దళిత సాహిత్య చర్చల్లో పెట్టుకున్న ప్రశ్నే ఇది. ప్రసవం గురించి మగకవి రాయొచ్చా? వెలివాడ గురించి అగ్రకులం రాయొచ్చా? సానుభూతి వేరు, స్వానుభవం వేరు అని గట్టిగా చెప్పినవాళ్ళ పక్షానే నా పరిశోధనంతా నడిచింది. మన తరఫున ఎవరో మాట్లాడి మాట్లాడి మన నోరు మనకే పరాయిదైపోయిన చోట, స్వానుభవం ఒక్కటే చేతికి దొరికిన ఆయుధం.

అయితే అదే ఆయుధం ఇంకొకరి చేతిలో గేటుకి తాళంగా ఎలా మారుతుందో ఎల్కోలో కనిపిస్తుంది. సరే, పని చేసినవాళ్ళదే పాట. మరి పని అంటే ఏది?

గుర్రం మీద కూర్చుని తాడు విసరడం పని. దూడలకి వాతలు వేసే రోజు ఇరవైమందికి వండి పెట్టడం 'సాయం'. మందని కొండ మీదికి తోలడం పని. తల్లి వదిలేసిన దూడకి సీసాతో పాలు పట్టడం, ఈనే ఆవుల కోసం రాత్రి రెండింటికి లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళడం, బ్యాంకు అప్పు లెక్కలు రాయడం, ఇవన్నీ 'ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు'. ఇక్కడ వాడుక భాషా, ప్రభుత్వ లెక్కలూ ఒకటే మాట్లాడాయి. అమెరికన్ వ్యవసాయ గణనలో కమతం నడిపేవాళ్ళు ఆడవాళ్ళా మగవాళ్ళా అని మొదటిసారి అడిగింది 1978లో. 2002 దాకా ఒక కమతానికి ఒక్క మనిషి వివరాలే రాసుకున్నారు. ఆ ఒక్కరు ఎవరై ఉంటారో చెప్పనక్కర్లేదు. 2002లో ముగ్గురి వివరాలు రాసుకోవచ్చన్నారు. 2017లో నలుగురన్నారు, నిర్ణయాలు ఎవరు తీసుకుంటారని విడిగా అడిగారు. 2012తో పోలిస్తే స్త్రీల సంఖ్య ఒక్కసారిగా 27 శాతం దాకా పెరిగింది. ఆ అయిదేళ్ళలో అంతమంది ఆడవాళ్ళు కొత్తగా పొలంలోకి దిగలేదు. పెరుగుదలలో కొంత ప్రశ్న మార్చినందువల్లేనని ఆ శాఖే చెప్పుకుంది. రైతు అనగానే మగవాడి ముఖమే గుర్తొచ్చే మన ఊళ్ళలో ఈ కథని వేరే వివరించనక్కర్లేదు.

కాబట్టి స్వానుభవం అనే అర్హత పైకి అందరికీ ఒకటేలా కనిపిస్తుంది గానీ, అనుభవంగా దేన్ని లెక్కిస్తామన్నది ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. పైగా అది మగవాళ్ళ విషయంలో ఎంతైనా సాగుతుంది. బ్రూస్ కిస్కాడన్ కౌబాయ్ కవుల్లో పెద్దపేరు. ఆయన తన ప్రసిద్ధ పద్యాల్లో చాలావాటిని లాస్ ఏంజెలెస్‌లో హోటల్ పనివాడిగా, అతిథుల సామాను మోస్తున్న కాలంలో రాశాడు. టెక్సాస్ కవీ గాయకుడూ బక్ రామ్సే యవ్వనంలో గుర్రం మీంచి పడి, మిగిలిన జీవితమంతా చక్రాల కుర్చీలో గడిపాడు. 1995లో ఆయనకి జాతీయ వారసత్వ పురస్కారం వచ్చింది. వీళ్ళిద్దరి పాడే హక్కునీ ఎవరూ ప్రశ్నించలేదు, ప్రశ్నించకూడదు కూడా. ఒకప్పుడు చేసిన పని జ్ఞాపకమై జీవితాంతం చెల్లింది. నిన్న రాత్రి కూడా కొట్టంలో దూడని లాగిన ఆమెకి మాత్రం ఆ పని చెల్లదు, ఎందుకంటే ఆమె రాంచర్ భార్య.

ఇందులోంచి బయటపడే మొదటి దారి, మగవాళ్ళ కొలబద్దకి సరితూగి చూపించడం. జార్జీ సికింగ్ (1921-2016) ఆ దారిన నడిచింది. అరిజోనాలో పుట్టి, మగవాళ్ళతో సమానంగా జీతానికి పశువులు కాసి, అడవి గుర్రాల్ని పట్టి, ఆ జీవితాన్నే పద్యాలు చేసింది. పనిలో ఆరితేరిన వాడికి కౌబాయ్‌లు ఇచ్చే 'టాప్ హ్యాండ్' అన్న బిరుదు గురించి ఆమె రాసిన పద్యం బాగా ప్రచారం పొందింది. 1989లో ఆమెని జాతీయ కౌగర్ల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆమె అంటే నాకు గౌరవం. కానీ ఆమెని వేదికెక్కించిన పొగడ్తలో, మగాడిలా చేస్తుంది అన్న మాటలో, మిగతా ఆడవాళ్ళందరి మీదా ఒక తీర్పు ఉంది. అది ఆమె ఇచ్చిన తీర్పు కాదు. ఆమెని ఎత్తిపట్టుకున్నవాళ్ళది.

రెండో దారి అసలు నియమాన్నే పట్టించుకోకపోవడం. అర్కాన్సాలో 1908లో పుట్టిన రూబీ బ్లెవిన్స్ ప్యాట్సీ మోంటానా అని పేరు మార్చుకుని, షికాగో రేడియోలో కౌగర్ల్ దుస్తుల్లో పాడింది. 1935లో ఆమె పాడిన, కౌబాయ్ ప్రేయసి కావాలని కోరుకునే అమ్మాయి పాట, దేశీ సంగీతంలో ఒక స్త్రీ పాట పదిలక్షల ప్రతులు అమ్ముడుపోవడం అదే మొదలని చెప్పుకునేంత పేరు తెచ్చుకుంది. ప్యాట్సీ రాంచ్ మనిషి కాదు. ఎల్కో కొలతతో చూస్తే అది వేషమే. అయితే ఆ పాటలోని అమ్మాయి ప్రియుడి కోసం గుమ్మంలో ఎదురుచూడదు. అతని పక్కన గుర్రమెక్కి, తాడు విసరడం నేర్చుకోవాలనుకుంటుంది. అనుభవం గురించి కాక కోరిక గురించి కట్టిన పాట అది. చెయ్యనివ్వని పనిని కోరుకునేవాళ్ళకి అనుభవం ఎక్కడ నుంచి వస్తుంది? పని చేసినవాళ్ళే పాడాలంటే, పనికి దూరంగా ఉంచబడ్డవాళ్ళు ఎప్పటికీ పాడకూడదనే కదా. స్వానుభవ వాదాన్ని ఇంతకాలం సమర్థించిన నాకు ఇక్కడ సులువైన జవాబు దొరకడం లేదు. కోరికకి కూడా ఒక ప్రామాణికత ఉందనుకుంటున్నాను. అప్పుడు సినిమా టోపీవాడూ అదే మాటంటాడు. తేడా ఏమిటంటే, అతని కోరిక ఎవరినీ ధిక్కరించదు.

ఈ చర్చకి ఇంకో వైపు ఉంది, పేరు. జాక్ థార్ప్ 1908లో న్యూమెక్సికోలోని ఎస్టాన్సియాలో 23 పాటలతో చిన్న పుస్తకం అచ్చేశాడు. 1910లో జాన్ లోమాక్స్ పెద్ద సంకలనం తెచ్చాడు. ఆయన ముద్రించిన వాటిలో రచయితలు బతికే ఉన్న పాటలూ ఉన్నాయి. కౌబాయ్‌లు నిజంగా పాడుకున్న బూతుపాటల్ని మాత్రం వదిలేశాడు. వాటిలో కొన్ని 1989లో గై లాగ్స్‌డన్ పుస్తకంతో వెలుగులోకి వచ్చాయి. మంద తోలుకొచ్చిన కూలీల జీతం ఖర్చయ్యే ఊళ్ళలోని వేశ్యలు ఆ పాటల నిండా ఉన్నారు. ఆ పాటలు వాళ్ళ గురించి, వాళ్ళవి కావు. వాళ్ళదీ ఆ పశువుల వ్యాపారం మీద బతికిన శ్రమే. దాని స్వానుభవాన్ని ఎవరూ పాటగా సేకరించుకోలేదు.

బ్యాడ్జర్ క్లార్క్ రాసిన 'కౌబాయ్ ప్రార్థన' ఎన్నో చోట్ల 'అజ్ఞాత కవి' పేరుతో అచ్చయింది. కవి పేరు మాసిపోయి పాట జనానిదైపోవడం గొప్ప గౌరవమని జానపద సాహిత్యకారులు అంటారు. కావచ్చు. పేరున్నవాడు పోగొట్టుకుంటే అది గౌరవం. టెక్సాస్‌లో చార్లీ విల్లిస్ అనే నల్లజాతి కౌబాయ్ ఉండేవాడు, బానిసత్వం నుంచి విడుదలై గుర్రాల్ని మచ్చిక చేసే పనిలో కుదిరినవాడు. అతను పాడిన 'గుడ్‌బై ఓల్డ్ పెయింట్'ని యజమాని కొడుకు జెస్ మోరిస్ చిన్నతనంలోనే నేర్చుకున్నాడు. 1942లో లోమాక్స్ రికార్డు చేసింది మోరిస్ గొంతుని. మోరిస్ తనకెవరు నేర్పారో చెప్పాడు కాబట్టి ఆ పేరైనా మిగిలింది. డామ్ ఫ్లెమన్స్ 2018లో నల్ల కౌబాయ్‌ల మీద తెచ్చిన ఆల్బమ్ ఈ చరిత్రని మళ్ళీ ముందుకు తెచ్చింది. చార్లీ విల్లిస్‌కి పని ఉంది, అనుభవం ఉంది, పాట ఉంది. అర్హతలన్నీ ఉండి కూడా పాట అతనిదిగా లోకంలోకి రాలేదు. స్వానుభవం ఒక్కటీ సరిపోదని చెప్పడానికి నాకు ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

నల్గొండ జిల్లాలో నాట్ల పాటలు రాసుకుంటున్నప్పుడు ఒక పెద్దామెని పేరడిగాను. "పేరెందుకు బిడ్డా, పాట రాసుకోరాదు" అంది. అది పాట మీద తనొక్కదానికే హక్కు లేదనే ఔదార్యమా, తన పేరెవరికీ అక్కర్లేదని జీవితం నేర్పిన అలవాటా? పక్కనున్న కోడలు చటుక్కున ఆమె పేరు చెప్పేసింది. రాసుకున్నాను.

ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చింది 1993లో. మరుసటి ఏడే, 1994లో, టెరెసా జోర్డాన్ రాంచ్ స్త్రీల కవిత్వ సంకలనం 'గ్రెయినింగ్ ద మేర్' తెచ్చింది. అంతకుముందు 1982లో ఆమె కౌగర్ల్‌ల మౌఖిక చరిత్రని పుస్తకం చేసింది. నాలుగేళ్ళ తర్వాత మన దగ్గర స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. ఒకరినొకరు చదివారని నేననడం లేదు. రెండు చోట్లా ఆడవాళ్ళు చేసిన మొదటి పని, చేసిన పనిని పనిగా చెప్పించడం.

ఈ దారిలో నాకు ఎక్కువ ఇష్టమైనది 1997లో లిండా హాసెల్‌స్ట్రామ్, గేడెల్ కాలియర్, నాన్సీ కర్టిస్ కలిసి తెచ్చిన 'లీనింగ్ ఇన్‌టు ద విండ్'. మైదానప్రాంత రాష్ట్రాల గ్రామీణ స్త్రీలని రాసి పంపమని అడిగితే, చివరికి రెండు వందల పైచిలుకు స్త్రీల రచనలతో అచ్చయింది. ఎల్కో సంప్రదాయం కంఠస్థం చేసి చెప్పే ప్రాసపద్యానిది. ఈ పుస్తకంలో చాలాభాగం వచనం. ఇందులో ఒక సామాన్యమైన లెక్క కూడా ఉంది. ఎల్కో వెళ్ళి పద్యం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ ఇంటి దగ్గర ఇంకెవరో పశువులకి మేత వెయ్యాలి, గడ్డకట్టిన నీళ్ళతొట్టి పగలగొట్టాలి. మగకవి వెళితే ఆ ఇంకెవరో ఎవరన్నది తెలిసిందే. వంటింటి బల్ల మీద రాసిన పేజీని పోస్టులో వెయ్యడానికి మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఆ సంపాదకులే 2001లో, 2004లో ఇంకో రెండు సంపుటాలు తెచ్చారు. మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఏ రచన ఏ పని మధ్యలో రాసి ఉంటారా అని పేజీ పేజీకీ ఆగిపోతుండడం వల్ల నా చదువు నత్తనడక నడుస్తోంది.