నమ్మి అమ్మేవాడిది అబద్ధమవుతుందా?



మొన్న పౌర్ణమినాడు మా ఊరి విహారంలో త్రిశరణ పంచశీలాలు అయినాక, పాయసం గిన్నెలు ఇంకా చేతుల్లో ఉండగానే ఒక తమ్ముడు లేచి బాబాసాహెబ్ ఫొటో కింద బల్లమీద ఒక డబ్బా పెట్టాడు. ప్రోటీన్ పొడి. పక్కన మాత్రల సీసాలు రెండు. పీజీ చేసి మూడేళ్లు ఉద్యోగం కోసం తిరిగిన పిల్లాడు. ఇప్పుడు గొలుసు పద్ధతిలో సరుకు అమ్మే ఒక కంపెనీలో చేరాడు. షుగర్ తగ్గుతుందన్నాడు, మోకాళ్ల నొప్పులు పోతాయన్నాడు, ఆడవాళ్లకి రక్తం పడుతుందన్నాడు. నెలకి మూడు వేలు.

మనోళ్లు ఊరికే నమ్మే రకం కాదు. తాయెత్తులూ దిష్టి గుమ్మడికాయలూ వదిలేసి వచ్చినవాళ్లం గదా. రిటైరైన ఆర్టీసీ కండక్టర్ బాబాయ్ ఒకాయన, "అంత పనిచేసేదైతే గవర్నమెంటు ఆసుపత్రిలో ఎందుకివ్వరు అబ్బాయ్?" అని అడిగాడు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడు తడుముకోలేదు. "బాబాయ్, బుద్ధుడు ఏహిపస్సికో అన్నాడు. వచ్చి చూడమన్నాడు. నేను నమ్మమనట్లేదు. నెల రోజులు వాడి చూడండి, మీకే తెలుస్తుంది" అన్నాడు.

ఆ మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ధమ్మ వందనలో రోజూ మన నోటితో పలికే మాట అది, కాదని ఎట్లా అంటాం? ముగ్గురు కొన్నారు.

ఆ పిల్లాడు మోసగాడు కాదు. ఈ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే ప్రశ్నే పుట్టదు. ఆ పొడి రోజూ పొద్దున తనూ తాగుతున్నాడు, వాళ్లమ్మకీ కలిపిస్తున్నాడు. ఒంట్లో హుషారు వచ్చిందని నిజంగానే అనుకుంటున్నాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధం ఆడనన్నది ఒకటి. అబద్ధమంటే, కాదని తెలిసి అవునని చెప్పడం. ఇతనికి కాదని తెలియదు. మరి ఇతను శీలం తప్పినట్టా, తప్పనట్టా?

లెక్క ప్రకారం చూస్తే తప్పలేదనే చెప్పాలి. ఎదుటివాణ్ణి మోసపుచ్చాలన్న తలంపు లేకపోతే ముసావాదం పూర్తికాదు. అయితే సత్యం విషయంలో మన బాధ్యత అక్కడితో తీరిపోతుందా? మజ్ఝిమ నికాయంలో చంకీ సుత్తం ఉంది. పదహారేళ్ల బ్రాహ్మణ కుర్రాడొకడు బుద్ధుణ్ణి అడుగుతాడు, సత్యాన్ని కాపాడుకోవడం ఎట్లా అని. దానికి పాళీలో సచ్చానురక్ఖణ అని పేరు. బుద్ధుడి జవాబు చాలా మామూలుగా ఉంటుంది. నీకు ఒకదానిమీద నమ్మకముంటే "ఇది నా నమ్మకం" అని చెప్పు, అంతవరకూ సత్యం భద్రంగా ఉంది. "ఇదే నిజం" అన్నావా, కాపాడటం ఆగిపోయింది. ఎందుకంటే గట్టిగా నమ్మినది ఉత్తిదే కావచ్చు, అసలు నమ్మనిది నిజమూ కావచ్చు.

ఈ తూకంలో పెడితే తమ్ముడి మాటల్లో తేడా పట్టుకోవచ్చు. "నాకు హుషారుగా ఉంది" అనేది ఒకటి. "నీ షుగర్ తగ్గుతుంది" అనేది వేరొకటి. మొదటిది అతని అనుభవం, దాన్ని కాదనే హక్కు మనకి లేదు. రెండోది అతనికి ఎట్లా తెలుసు? పైన ఉన్న లీడర్ చెప్పాడు. లీడర్‌కి ఆయన పైవాడు చెప్పాడు. అదే సుత్తంలో బుద్ధుడు గుడ్డివాళ్ల వరసను చూపిస్తాడు. ఒకరినొకరు పట్టుకుని నడుస్తుంటారు, ముందువాడికీ కనబడదు, నడిమివాడికీ కనబడదు, చివరివాడికీ కనబడదు. వేదం చెప్పిన పెద్దల గురించి అన్నమాట అది. గొలుసు వ్యాపారానికి ఇంతకంటే సరిగ్గా సరిపోయే బొమ్మ నాకు దొరకలేదు.

ఇక ఏహిపస్సికో సంగతి. కోపం వచ్చినప్పుడు మనసు ఏమవుతుందో, దానం చేసినప్పుడు ఏమవుతుందో ఎవరికి వారు చూసుకోగలరు. ధమ్మాన్ని అట్లా చూడమన్నారు. ఒక పొడి షుగర్‌ని తగ్గిస్తుందా అన్నది ఒక్కడు తన ఒంట్లో తాను చూసుకుని తేల్చగల విషయం కాదు. జలుబు మందేసినా వేయకపోయినా వారానికి పోతుంది. మోకాలు ఒక నెల నొప్పి పెడుతుంది, ఒక నెల ఊరుకుంటుంది. బాగా బాధగా ఉన్నప్పుడే గదా డబ్బా కొనేది, ఆ తర్వాత ఎట్లాగూ కొంత తగ్గుతుంది. తగ్గినందుకు డబ్బాకి పేరొస్తుంది. పైగా మూడు వేలు పెట్టి కొన్నాక ఏమీ కాలేదని ఒప్పుకోవడానికి మనసు రాదు.

వచ్చి చూడటం అంటే ఎట్లా ఉంటుందో 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టర్ చూపించాడు. సాలిస్‌బరీ అనే ఓడలో స్కర్వీతో చిగుళ్లు కుళ్లిపోతున్న 12 మంది నావికుల్ని ఇద్దరిద్దరుగా విడదీశాడు. అందరికీ ఒకే తిండి. దాంతోపాటు ఒక్కో జతకి ఒక్కో మందు: ఒకరికి వెనిగర్, ఒకరికి సముద్రపు నీళ్లు, ఇట్లా. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరు ఆరు రోజుల్లోనే బాగా తేరుకున్నారు. పక్కన పెట్టి పోల్చడానికి మిగతా పదిమంది లేకపోతే, సముద్రపు నీళ్లమ్మేవాడు కూడా "వాడి చూడండి" అనేవాడు.

పెద్దవాళ్లు చెప్పారని నమ్మొద్దని కాలాములకి ఎందుకు చెప్పారో లైనస్ పౌలింగ్ కథ వింటే తెలుస్తుంది. 1954లో రసాయనశాస్త్రంలో, 1962లో శాంతికి, రెండు నోబెల్ బహుమతులు పొందిన మనిషి. అణుబాంబు పరీక్షలకి ఎదురు నిలబడ్డాడు, నాకు ఆయనంటే గౌరవమే. ఆయనే 1970లో విటమిన్ సి మోతాదు పెంచి తీసుకుంటే జలుబు రాదని పుస్తకం రాశాడు, తర్వాత క్యాన్సర్‌కీ పనిచేస్తుందన్నాడు. లోకం ఎగబడి కొన్నది. మేయో క్లినిక్‌లో ముదిరిన క్యాన్సర్ రోగుల్లో కొందరికి ఆ మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే తేడా కనబడలేదు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లమీద ఇంకో పరీక్ష జరిగింది. బీటా కెరోటిన్ మాత్రలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని ఆపుతాయని అనుకున్నారు. 1994లో ఫలితం వచ్చింది: ఆ మాత్రలు మింగినవాళ్లలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. క్యారెట్లో ఉన్నదే గదా, మంచే చేస్తుంది అనుకున్నవాళ్లందరూ మంచి మనసుతోనే అనుకున్నారు.

అట్లాగని మాత్రలన్నీ దగా అంటే మనమూ సత్యాన్ని కాపాడినట్టు కాదు. వెనకనుంచి నవ్వినవాళ్లకి కూడా ఇది చెప్పాలి. లోటున్నచోట మాత్ర అవసరమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత. ఎండలో కలుపు తీసి, అందరూ తిన్నాక అడుగుబొడుగు తినే మన అక్కచెల్లెళ్లు అందులో ఉన్నారు. వాళ్లకి ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. టీతో కలిపి మింగకూడదు, అంతే. బి12 విటమిన్ గుడ్డులో, చేపలో, మాంసంలో, పాలల్లో ఉంటుంది, ఆకుల్లో ఉండదు. మన తిండిని నీచు తిండి అని వందల ఏళ్లు వెలివేశారు. ఇప్పుడు అందులో ఉన్నదాన్నే సీసాలో పోసి మనకే అమ్ముతున్నారు!

డబ్బు సంగతి కూడా చూడాలి. మహాచత్తారీసక సుత్తంలో తప్పుడు జీవనోపాధి కింద మోసంతో పాటు మాటలతో బులిపించడం, సైగలతో రాబట్టడం, లాభం చూపి లాభం లాగడం కూడా చేర్చారు. నువ్వు చేరితే నాకింత, నువ్విద్దర్ని చేరిస్తే నీకింత అనేది ఆ చివరి దాంట్లోకే వస్తుంది. అమ్మకం మీద కాకుండా మనుషుల్ని చేర్చడం మీద డబ్బు తిప్పే పథకాల్ని 1978 నాటి చట్టమే నిషేధించింది. షుగర్ నయం చేస్తామని ప్రకటించడం 1954 చట్టం ప్రకారం నేరం. విహారంలో ఇంకో చిక్కుంది. బయటివాడైతే కొననని మొహంమీదే చెప్పేస్తాం. పక్కన కూర్చుని వందన చేసిన పిల్లాడికి ఎట్లా చెప్తాం? అతను అమ్మింది సగం పొడి, సగం మన మొహమాటం.

మర్నాడు అతని ఇంటికి పోయి డబ్బా తిప్పి చూపించాను. అడుగున ఇంగ్లీషులో చిన్న అక్షరాలు: నాట్ ఫర్ మెడిసినల్ యూజ్. మందుగా వాడేది కాదని కంపెనీవాడే రాశాడు, అట్లా రాయాలని రూలు. తమ్ముడు రెండుసార్లు చదివాడు. "లీడర్ ఇది చూపించలేదన్నా" అన్నాడు. వాళ్లమ్మ గడపలో కూర్చుని వింటోంది. 14 డబ్బాలకి 42 వేలు ఆమె డ్వాక్రా లోనే.

తర్వాతి పౌర్ణమికి అతనే లేచాడు. "నేను వాడాను, నాకు బాగుందనిపించింది. అది దీనివల్లనో కాదో నాకు తెలీదు. షుగర్ తగ్గుతుందన్నాను, అది కూడా నాకు తెలీదు" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. రక్తం పడుతుందని కొన్న పెద్దమ్మ అప్పటికే పీహెచ్‌సీకి పోయి పరీక్ష చేయించుకుని ఎర్ర మాత్రలు తెచ్చుకుంది. ఆమె డబ్బు ఆమెకి తిరిగి ఇచ్చాడు.

బయట చెప్పులేసుకుంటుండగా నా దగ్గరికొచ్చాడు. "ఆమెది తీసుకున్నాక పన్నెండు డబ్బాలయినయ్ అన్నా. పదో తారీకు అమ్మ వాయిదా ఉంది. ఇవేం చేయమంటావు?" కంపెనీ వెనక్కి తీసుకుంటుందేమో రాసి అడుగుదామన్నాను. కాయితం, పెన్ను లోపలినుంచి తెచ్చాడు. డబ్బామీద తేదీ చూశాం, ఇంకా ఎనిమిది నెలలుంది.