జపానోడి మండోలిన్

శృంగవరపుకోట దగ్గర కొండ కిందున్న మా ఇంట్లో ఒక పాత మండోలిన్ ఉంది. మా తాతది. 1960లలో కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం వేసేటప్పుడు ఆయన బొడ్డవర వైపు మట్టిపనికి పోయాడు. బైలదిల్లా ఇనుప రాయిని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి వేసిన లైను అది. తాత పాటకు మెచ్చి జపాను ఇంజినీరు దాన్ని బహుమతిగా ఇచ్చాడని మా ఇంట్లో చెప్పుకుంటాం. బడిలో పిల్లలకు నేనూ అలాగే చెప్పాను.

మా తమ్ముడి కొడుకు ఆగస్టు 9న కాలేజీలో ఆదివాసీ దినోత్సవానికి దాన్ని చూపించి ఈ కథ చెబుతానన్నాడు. ముందు బాగు చేయిద్దామని విజయనగరం పట్టుకెళ్లాం. బాగుచేసే ఆయన టార్చి వేసి లోపలికి చూశాడు. చిరిగిన కాగితం ముక్క మీద కలకత్తా అన్న పేరు మిగిలుంది.

“ఇది జపానుది కాదు మాస్టారూ” అన్నాడు.

తిరుగు బస్సులో కుర్రాడు, “ఎవరికి తెలుస్తాది పెదనాన్నా? జపాను అనే చెప్పేస్తాను” అన్నాడు.

ఈ అబద్ధం వల్ల ఎవరి పొలమూ పోదు, నిజమే. కానీ మన దగ్గర కాగితాలు తక్కువ. “ఈ గట్టు మా తాత పోడు కొట్టింది” అని ముసలాయన చెబితే అధికారి నమ్మాలని అడుగుతాం. 2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో, దరఖాస్తు పెట్టినవారు కాక వేరే పెద్దలు చెప్పి రాయించిన మాట కూడా సాక్ష్యమే. నోటిమాటకు అంత విలువ అడిగేవాళ్లం, తెలిసి తెలిసి దాన్ని కల్తీ చేయొచ్చా?

ఇంటికొచ్చి మామ్మకు చెప్పాం. బాధపడుతుందనుకున్నాను. ఆవిడ కసిరింది.

“జపానోడిచ్చాడని నానెప్పుడన్నాన్రా? జపానోల్ల రైలు పనిలో కూలి కూడేసి, బెంగాలీ మేస్త్రీ కాడ కొన్నాడన్నాను. మీరే కలిపీసినారు.”

ముసలావిడ మాటలో తప్పు లేదు. విన్న మేమే మార్చాం. ఎందుకు మార్చాం? కూలిడబ్బుతో కొనుక్కున్నాడంటే మాకు చాల్లేదు. పరాయివాడెవడో మెచ్చుకుంటేనే తాత గొప్పవాడనిపించింది. ఇది తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

మండోలిన్ ఇటలీ వాయిద్యం, మనది కాదుగదా అనేవాళ్లూ ఉన్నారు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జంట తీగలు తీసేసి, కరెంటు మండోలిన్ మీద ఐదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతం వాయించాడు. మా తాత తీగలేమీ మార్చలేదు. మొత్తం ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. అయితే రెండు జతల కింద, అదీ మొదటి నాలుగైదు మెట్లే లోతుగా అరిగాయి. మిగతావి కొత్తవాటిలాగే ఉన్నాయి. థింసాకు మోరి మీద ఊదే పాటలే ఆయన దీని మీద వాయించేవాడని మామ్మ అంది. వాటికి ఆ కాసిని మెట్లు చాలు.

అరిగిన మెట్లు తీసి కొత్తవి వేస్తేగాని స్వరం సరిగా పలకదని బాగుచేసే ఆయన చెప్పాడు. వేస్తే కుర్రాడు వాయించగలడు, తాత వేళ్ల గుర్తు పోతుంది. వేయకపోతే అది మళ్లీ గోడకే. వాడు ఆ మెట్లను ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకున్నాడు. తీగలు మాత్రం కొత్తవి వేయించాం. మెట్ల సంగతి మా ఇంట్లో ఇంకా తేలలేదు.